మీకు తెలుసా? బిన్సర్ అడవిలో ఒక పగలు

ఉత్తరాఖండ్‌లో అల్మోరా పట్టణం నుంచి ముప్పై పైచిలుకు కిలోమీటర్లు కొండదారి పట్టి వెళ్తే బిన్సర్ వన్యప్రాణి అభయారణ్యం వస్తుంది. 1988లో ఏర్పాటైంది. విస్తీర్ణం 47 చదరపు కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. మన నల్లమలలో ఒక మూలకు సరిపోతుందంతే. వచ్చేవాళ్లలో చాలామంది గబగబా జీరో పాయింట్ అనే వ్యూపాయింట్‌కి నడిచి, మంచుకొండలు వెనక కనిపించేలా ఫొటో దిగి దిగిపోతారు. అడవి లోపలి పల్లెల నుంచి వచ్చే గైడును వెంటబెట్టుకుని పొద్దున మొదలుపెట్టి సాయంత్రం దాకా నడిచినవాళ్లకు దొరికే సంగతులు వేరు.

ఈ కొండ ఒకప్పటి వేసవి రాజధాని అని తెలుసా? ఈ కుమావూ ప్రాంతాన్ని ఏలిన చంద్ రాజులు ఎండాకాలం ఇక్కడికి మకాం మార్చేవారు. దేవదారు చెట్ల మధ్య ఉన్న బినేశ్వర మహాదేవ ఆలయాన్ని వాళ్లే కట్టించారని చెబుతారు. 1856 నుంచి 1884 దాకా కుమావూ కమిషనర్‌గా పనిచేసిన హెన్రీ రామ్సే కూడా ఇక్కడ ఇల్లు కట్టుకున్నాడు. రాజులు పోయినా, దొరలు పోయినా చల్లదనం మాత్రం పోలేదు. జీరో పాయింట్ ఎత్తు 2,412 మీటర్లు. ఆంధ్రప్రదేశ్‌లోని ఎత్తయిన శిఖరాలు కూడా 1,700 మీటర్ల లోపే ఆగిపోతాయి.

పచ్చగా ఉన్న ప్రతి అడవీ చల్లని అడవి కాదు. కింది వాలుల్లో నిటారుగా నిలబడేవి చిర్ పైన్ చెట్లు. ఆకులు సూదుల్లా, మూడేసి కలిపి గుత్తులుగా ఉంటాయి. రాలిన సూదులను స్థానికులు పిరూల్ అంటారు. కాలు వేస్తే జర్రున జారుతుంది, అందుకే గైడు ముందే హెచ్చరిస్తాడు. మే, జూన్ నెలల్లో ఎండిన పిరూల్‌కి నిప్పు తగిలితే ఇక ఆపడం కష్టం. మందమైన బెరడు వల్ల పెద్ద పైన్ చెట్టు చాలావరకు బతికి బయటపడుతుంది. కాలిపోయేది పక్కనే మొలిచిన ఓక్ పిలక. అలా మంట వచ్చిన ప్రతిసారీ పైన్‌కి కొంత చోటు కలిసొస్తుంది.

ఇందులో మనుషుల చెయ్యి కూడా ఉంది. బ్రిటిష్ కాలంలో రైలు పట్టాల కింద వేసే స్లీపర్ల కోసం, టర్పెంటైన్ తీసే జిగురు కోసం పైన్‌కి పెద్దపీట వేశారు. పల్లెలవాళ్ల మేత హక్కులకు, కట్టెల హక్కులకు కోత పెట్టారు. 1921లో కుమావూ జనం తిరగబడి ప్రభుత్వ పైన్ అడవులకు నిప్పు పెట్టారు. పదేళ్ల తర్వాత, 1931లో, ఊరి అడవిని ఊరే చూసుకునే వన పంచాయతీల నియమాలు వచ్చాయి. మంటల బెడద మాత్రం ఇంకా తీరలేదు. 2024 జూన్‌లో బిన్సర్‌లో మంటలు ఆర్పబోయిన అటవీ సిబ్బంది ప్రాణాలు కోల్పోయారు. ఈ అడవిలో నడిచేటప్పుడు అగ్గిపుల్ల విషయంలో గైడు కటువుగా మాట్లాడితే నొచ్చుకోకండి.

ఇంకాస్త పైకెక్కితే బాంజ్ అనే ఓక్ చెట్లు మొదలవుతాయి. ఆకు తిప్పి చూడమంటాడు గైడు. అడుగున తెల్లగా, నూగుగా ఉంటుంది. కొమ్మలు పశువులకు మేత, రాలిన ఆకు కొట్టంలో పరుపు, అదే తర్వాత పొలానికి ఎరువు. ఓక్ నీడలో నేల మెత్తగా ఉండి వాన నీటిని పట్టి ఉంచుతుంది. ఆ నీరు కింద ఊటగా వచ్చేచోట రాతితో చిన్న గుడిలాంటి కట్టడం కట్టి, లోపల మెట్లతో కుండీ పెడతారు. దాన్ని నౌలా అంటారు. ఇక్కడి ఆడవాళ్లను అడగండి, పైన్ మీద వాళ్లకు ఏమంత ప్రేమ ఉండదు. నా ఓటు కూడా వాళ్లకే.

బిర్యానీలో వేసే రాతిపువ్వు పువ్వు కాదని తెలుసా? ఓక్ కొమ్మల మీద బూడిద రంగులో పొరలు పొరలుగా పట్టి ఉండేవి లైకెన్లు. శిలీంధ్రం ఒకటి, శైవలం ఒకటి కలిసి చేసే కాపురం అది. శైవలం వండి పెడుతుంది, శిలీంధ్రం ఇల్లు కట్టి పెడుతుంది. వాటిలో కొన్ని రకాలు మన మసాలా డబ్బాల్లోకి వస్తాయి. కుమావూ ఓక్ అడవులు ఈ సరుకుకు పాత పుట్టిళ్లు. అభయారణ్యం లోపల మాత్రం గీకడానికి వీల్లేదు, చూడడం వరకే.

దూరంగా కుక్క మొరిగినట్టు వినిపిస్తే ఊరు దగ్గరపడిందనుకోకండి. అది కాకర్ కావచ్చు, అంటే మొరిగే జింక. చిరుతను పసిగట్టినప్పుడు అది ఆగకుండా మొరుగుతుంది. చెట్ల మీది కొండముచ్చులు కూడా అదే సమయంలో దగ్గినట్టు అరిస్తే గైడు నడక ఆపి చెవులు రిక్కిస్తాడు. చిరుత ఎదురుపడడం చాలా అరుదు. నిజమైన కుక్కలకే దాని భయం ఎక్కువ. అందుకే హిమాలయాల్లో పశువుల కాపరులు తమ కుక్కల మెడకు ముళ్ల ఇనుప పట్టీ కడతారు. చిరుత మొదట పట్టేది గొంతే.

ఏప్రిల్, మే నెలల్లో వెళ్తే నాలుగు స్వరాల కూత ఒకటి కొండంతా మార్మోగుతుంది. అది ఇండియన్ కుకూ, మన కోకిలకు చుట్టం. కుమావూ జనానికి ఆ కూతలో ‘కాఫల్ పాకో’ అని వినిపిస్తుంది. కాఫల్ అంటే ఎర్రటి చిన్న అడవిపండు. దాని వెనక ఒక కథ చెబుతారు. ఒక తల్లి బుట్టెడు కాఫల్ కోసుకొచ్చి, తినకుండా కాపలా ఉండమని కూతురికి చెప్పి పొలానికి వెళ్లింది. ఎండకు పండ్లు వాడి బుట్ట వెలితిగా కనిపించింది. పిల్ల తినేసిందనుకుని తల్లి కొట్టింది. దెబ్బకు పిల్ల ప్రాణం పోయింది. సాయంత్రం వాన పడింది. పండ్లు ఉబ్బి బుట్ట మళ్లీ నిండింది. తల్లి గుండె ఆగింది. ఇద్దరూ పక్షులయ్యారు. కాఫల్ పండింది, నేను మాత్రం రుచి చూడలేదని పిల్ల ఇప్పటికీ చెప్పుకుంటోందట. పక్షి కూసే కాలం, పండు పండే కాలం ఒకటే కావడం కథకు కలిసొచ్చింది.

బురాంశ్ చెట్టు ఉత్తరాఖండ్ రాష్ట్ర వృక్షం. ఫిబ్రవరి, మార్చి నెలల నుంచి ఎర్రగా విరగబూస్తుంది. ఆ పూలతో షర్బత్ చేస్తారు, తాగి చూడండి.

జీరో పాయింట్ నుంచి వాతావరణం అనుకూలిస్తే కేదార్‌నాథ్, చౌఖంబా, త్రిశూల్, నందాదేవి, పంచచూలి వరుసగా కనిపిస్తాయి. నందాదేవి 7,816 మీటర్లు. కాంచన్‌జంగా నేపాల్‌తో ఉమ్మడి కాబట్టి, పూర్తిగా మన దేశంలోనే ఉన్న శిఖరాల్లో ఇదే ఎత్తయినది. మధ్యాహ్నానికి మబ్బు కమ్మేస్తుంది, కనుక మంచుకొండలు కావాలంటే పొద్దున్నే బయల్దేరాలి.

దారి పక్కన రంపపు అంచుల ఆకు కనిపిస్తే చెయ్యి పెట్టకండి. అది బిచ్ఛూ ఘాస్. తగిలితే తేలు కుట్టినట్టే. కానీ ఉడికిస్తే ఆ మంట పోతుంది, పల్లెల్లో దాన్నే కూర వండుతారు. పక్కన మడువా రొట్టె ఉంటుంది. మడువా మరేదో కాదు, మన రాగులే. ఇక తిరుగు ప్రయాణంలో అల్మోరా బజారులో సింగోరీ అడగండి. కోవాను మాలూ ఆకుతో చుట్టిన పొట్లంలో పెట్టి ఇస్తారు. ఆ మాలూ తీగ కింది లోయల్లో పెరుగుతుంది. మన ఏజెన్సీ గూడేల్లో విస్తళ్లు కుట్టే అడ్డాకు కూడా ఆ తీగదే.