పంపు విప్పే ముందు చూడవలసినవి

డీజిల్ ఇంజన్‌లో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్ ఉండదు. సిలిండర్‌లోకి చేరిన గాలిని పిస్టన్ పదహారు నుంచి ఇరవై వంతుల దాకా కుదించినప్పుడు 500 డిగ్రీల సెల్సియస్‌ను మించిన వేడి పుడుతుంది, ఆ వేడిలోకి సన్నని తుంపరగా చిమ్మిన డీజిల్ తనంతట తానే అంటుకుంటుంది. రుడాల్ఫ్ డీజిల్ 1897లో విజయవంతంగా నడిపి చూపిన ఇంజన్‌లో ఇంధనాన్ని లోపలికి నెట్టడానికి సంపీడిత గాలి అవసరమయ్యేది. ఆ పనికి బరువైన కంప్రెసర్ అక్కరలేకుండా చేసిన ఇంజెక్షన్ పంపును జర్మనీలోని బాష్ సంస్థ 1927లో పెద్ద ఎత్తున తయారుచేయడం మొదలుపెట్టింది. ఆ సంస్థ పంపులనే మన దేశంలో తయారుచేయడానికి 1951లో బెంగళూరు కేంద్రంగా ఏర్పడిన మోటార్ ఇండస్ట్రీస్ కంపెనీకి మైకో అన్నది అప్పట్లో పొట్టి పేరు కాబట్టి, ఇప్పటికీ చాలామంది మెకానిక్కులకు ఇంజెక్షన్ పంపు అంటే మైకో పంపే.

నిజానికి పాతతరం ట్రాక్టర్లలో, లారీలలో పంపులు రెండు. ట్యాంకులోని డీజిల్‌ను తక్కువ ఒత్తిడితో లాగి, ఫిల్టర్ల గుండా పంపేది ఫీడ్ పంపు. అలా వచ్చిన డీజిల్‌ను కొలిచి, సరైన క్షణంలో సుమారు 200 బార్‌లకో అంతకు మించో ఒత్తిడి పెంచి నాజిల్‌కు అందించేది ఇంజెక్షన్ పంపు. ఇంజన్ మొరాయించగానే నింద ఈ రెండోదాని మీద పడుతుంది గాని, అన్నింటికన్నా ఖరీదైన ఆ భాగాన్ని అన్నింటికన్నా చివర అనుమానించడమే సరైన పద్ధతి, ఎందుకంటే పంపు అరిగినప్పుడు కనిపించే లక్షణాల్లో చాలావరకు ఫిల్టర్ మూసుకుపోయినా, పైపులో సన్నని పగులు ఉన్నా కూడా కనిపిస్తాయి.

అందువల్ల పరీక్ష ట్యాంకు దగ్గర మొదలు కావాలి. ట్యాంకు మూతకు ఉండే గాలి రంధ్రం దుమ్ముతో పూడుకుపోతే, డీజిల్ తగ్గేకొద్దీ లోపల శూన్యం ఏర్పడి కాసేపు బాగా నడిచిన ఇంజన్ ఆగిపోతుంది. మూత తెరవగానే గాలి లోపలికి దూసుకుపోయిన చప్పుడు వినిపించి ఇంజన్ మళ్లీ అందుకుంటే, దోషం తేలినట్టే. దమ్ము చేసే ట్రాక్టరు బరువు మీద శక్తి కోల్పోతూ పొగ కూడా పెద్దగా వదలకపోతే ఇంధనం చాలడం లేదని అర్థం. నల్లటి పొగ వస్తే ఇంధనం ఎక్కువైందో గాలి తక్కువైందో చూడాలి, నూర్పిళ్ల కాలంలో ఎక్కువసార్లు ఎయిర్ క్లీనరే పూడుకుపోయి ఉంటుంది.

అన్నింటిలోకీ మోసపుచ్చేది మెకానిక్కులు ఎయిర్ పట్టిందని చెప్పే లోపం. ట్యాంకు నుంచి ఫీడ్ పంపు దాకా ఉండే పైపులో పీల్పు ఉంటుంది గనుక, అక్కడ రాగి వాషర్ నలిగినా, రబ్బరు గొట్టం పగిలినా, ఇంజన్ నడిచేటప్పుడు డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి చేరుతుంది. నీటిలా కుదించుకుపోని డీజిల్ మధ్య కుదించుకుపోయే గాలి బుడగ చిక్కితే, ఇంజెక్షన్ పంపులో డీజిల్‌ను తోసే ప్లంజర్ ఎంత తోసినా నాజిల్ తెరుచుకునే ఒత్తిడి రాదు. ఫిల్టర్ మీది స్క్రూ వదులు చేసి హ్యాండ్ ప్రైమర్‌ను నొక్కితే మొదట నురగ, తరువాత బుడగలు, ఆపైన నిండు ధార వస్తాయి. ఆ ధార పారుతుండగానే స్క్రూ బిగించి, ఇంజెక్షన్ పంపు దగ్గర కూడా అదే పని చేయాలి. ఇలా గాలి తీసిన మర్నాడే మళ్లీ ఎయిర్ పడుతుంటే, ఫీడ్ పంపుకు ముందు పారదర్శకమైన గొట్టం ముక్క అమర్చి బుడగలు వస్తున్నాయేమో చూడాలి. శుభ్రమైన డీజిల్ ఉన్న డబ్బాను ఎత్తులో కట్టి, దాని నుంచి నేరుగా ఫీడ్ పంపుకు గొట్టం కలిపినప్పుడు ఇంజన్ చక్కగా నడిస్తే, పంపు నిర్దోషి.

ఇంజన్ ఒక సిలిండర్ కొట్టకుండా ఊగుతుంటే, నిదానంగా నడుస్తుండగా ఒక్కొక్క నాజిల్ పైపు నట్టును కొద్దిగా వదులు చేసి చూస్తారు. దేన్ని వదులు చేసినప్పుడు చప్పుడులో మార్పు రాదో ఆ సిలిండర్ పనిచేయడం లేదు. దాని నాజిల్‌ను పక్క సిలిండర్‌కు మార్చినప్పుడు లోపం కూడా పక్కకు వెళితే దోషం నాజిల్‌దే, వెళ్లకపోతే ఆ సిలిండర్‌కు డీజిల్ అందించే పంపు ఎలిమెంటునో, అంటే ప్లంజర్, బ్యారెల్ జతనో, కంప్రెషన్‌నో పరీక్షించాలి. నట్టు వదులు చేసినప్పుడు చిమ్మే డీజిల్ దారిలో చేయి పెట్టరాదు, ఎందుకంటే ఆ ఒత్తిడికి డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది, పైకి సూదిపోటులా కనిపించినా వెంటనే ఆసుపత్రిలో శస్త్రచికిత్స అవసరం కావచ్చు.

ఇవన్నీ దాటాక మాత్రమే ఇంజెక్షన్ పంపు మీదికి అనుమానం రావాలి. దానిలో ప్లంజర్‌కూ బ్యారెల్‌కూ మధ్య ఖాళీ కొన్ని మైక్రాన్లే, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు చొప్పున లెక్కించేంత సన్నం. ఆ ఖాళీని డీజిలే నూనెలా కాపాడుతుంది, నీరు చేరితే తుప్పుపట్టి గీతలు పడతాయి. అరిగిన ఎలిమెంట్ల గుర్తు ఏమిటంటే, చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ అయిన ఇంజన్ వేడెక్కాక ఆపితే మళ్లీ అందుకోదు, ఎందుకంటే వేడికి పలచబడ్డ డీజిల్ ఆ ఖాళీ గుండా జారిపోతుంది. అలాంటి పంపును పొలంగట్టు మీద విప్పడం దానికి కీడే. పంపు సీలు తెంచి ఇంధనం మోతాదును నిర్ణయించే స్క్రూ తిప్పితే శక్తి పెరిగినట్టనిపించినా, నల్లపొగా వేడీ వెంటబడతాయి. టెస్ట్ బెంచి మీద ఎలిమెంట్లన్నీ సమానంగా అందిస్తున్నాయా అని కొలిచి సరిచేయడమే దానికి వైద్యం.

ఇంజెక్టర్లన్నింటికీ రైలు అనే ఒకే ఉమ్మడి గొట్టం నుంచి డీజిల్ అందే కొత్తతరం కామన్ రైల్ ఇంజన్లలో ఒత్తిడి 1000 బార్‌లను సులభంగా దాటుతుంది కనుక, నట్టు వదులు చేసే పాత పరీక్షను వాటి మీద ఎన్నడూ చేయకూడదు. అక్కడ రైలులో తగినంత ఒత్తిడి వచ్చేదాకా కంప్యూటరు ఇంజెక్టర్లను తెరవదు, ఒక ఇంజెక్టర్ అరిగి డీజిల్‌ను రిటర్న్ పైపులోకి వదిలేస్తున్నా సరే పంపే చెడిందనిపిస్తుంది. ప్రతి ఇంజెక్టర్ రిటర్న్‌కూ ఒక సీసా అమర్చి, ఏ సీసా ముందు నిండుతుందో చూస్తే అసలు దోషి బయటపడుతుంది.