వీడియో ఆటలను పరీక్షించు విధము

పిల్లలు సెల్‌ఫోనులలోను, కంప్యూటరులలోను ఆడు వీడియో ఆటలపై మన పెద్దలకు సదభిప్రాయము లేదు. అవి మంచివా, చెడ్డవా యను వివాదమునకు నేడు నేను పూనుకొనను. వాటిని విడుదల చేయుటకు ముందు నిర్మాతలు పరీక్షించు పద్ధతి యొకటి గలదు. అది తెలిసికొనదగినది.

ఈ పద్ధతి ఆటలకొరకు పుట్టినది కాదు. ఏటీఎం వంటి యంత్రములు వాడుకకు అనువుగా నున్నవో లేవో తెలిసికొనుటకై, వాటి నెన్నడు నెరుగని వానిని పిలిచి, "ఐదువందల రూపాయలు తీయుము" అని చెప్పి, పరీక్షకులు ప్రక్కన కూర్చుండి చూతురు. అతడెచట తడబడెనో, ఏ మీట నొక్కబోయి దేనిని నొక్కెనో వ్రాసికొందురు. సాయము చేయరు, చేసినచో పరీక్ష చెడును. తడబాటు కలిగిన ప్రతి చోటును యంత్రదోషముగనే యెంచి దిద్దుదురు. వాడువాడు పొరబడినచో నిర్మించినవాడే జవాబుదారి యను ఈ ధర్మము నాకు మిక్కిలి నచ్చినది. బడిపంతుళ్లకును ఇది కొంత వర్తించును.

అయితే దీనిని ఆటలకు ఉన్నదున్నట్లు అన్వయింప వీలులేదు. పులిజూదమునే చూడుడు. పులిని బంధించుట మేకలవానికి కష్టము. ఆ కష్టమును తీసివేసినచో ఆటయే లేదు. కాని బండపై గీసిన గీతలు చెరిగిపోయి, ఏ కాయకు ఎటు దారియో తెలియకున్నచో, అదియు కష్టమే. అయినను అది ఆటలోని కష్టము కాదు. మొదటిదానిని నిలిపి, రెండవదానిని తొలగించుటయే ఆటల పరీక్షకుని పని. ఆడువాడు "కష్టముగా నున్నది" అనును గాని, ఏ కష్టమో తరచుగా తానే చెప్పలేడు.

2007లో వెలువడిన 'హేలో 3' అను ఆట దీనికి చక్కని నిదర్శనము. అమెరికాలోని బంజీ సంస్థ నిర్మించిన ఈ ఆటను, మైక్రోసాఫ్ట్ పరీక్షకులు సుమారు 600 మందిచేత 3,000 గంటలకు పైగా ఆడించి చూచిరి. అందు ఆడువాడు సైనికుడై అన్యలోకవాసులతో పోరవలెను. ఒకచోట పలువురికి తూటాలు చాలకుండెను. మరిన్ని తూటాలు ఇచ్చుట సులభోపాయమే. కాని ఆటను కనిపెట్టి చూడగా, వారు శత్రువు మిక్కిలి దూరమున నుండగనే కాల్చుచున్నట్లు తేలెను. అంతట నిర్మాతలు, శత్రువు తుపాకి యందుబాటులోనికి వచ్చినప్పుడే గురిగుర్తు ఎర్రబడునట్లు మార్చిరి. పోరు పోరుగనే యుండెను, అయోమయము తొలగెను. అడవి ఘట్టములో ఆటగాండ్రు ఉన్న తావులను పటముపై చుక్కలుగా గుర్తింపగా, చుక్కలు ముందునకు సాగక చెల్లాచెదరై కనబడెను. వారు దారి తప్పి వచ్చినచోటికే వచ్చుచుండిరి. క్రిందికి దిగినవాడు మరల వెనుకకు ఎక్కలేనట్లు అచ్చటి నేలను సవరించిరి.

అంతకు పూర్వమే, 1999లో వెలువడిన 'ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2' ఆటలో, క్రొత్తవారికి ఆట నేర్పు పాఠములను 16 మందితో పరీక్షించిరి. అందరును ఆడువరకు ఆగలేదు. ఒకనికి కలిగిన చిక్కు స్పష్టముగా నున్నచో వెంటనే దిద్ది, దిద్దినదానిని తరువాతివానిచే ఆడించిరి.

ఇక నాకు వెరపు గొల్పు సంగతి యొకటి గలదు. ఆటగాడు ఎచట విసుగు చెందునో యెరిగినవాడు ఆ విసుగును తొలగింపనూ వచ్చును, దానికి వెలకట్టి అమ్మనూ వచ్చును. నేడు కొన్ని ఆటలలో, లోపల నేమున్నదో తెలియని పెట్టెలను పిల్లలచే సొమ్మిచ్చి కొనిపించుచున్నారు. బెల్జియము దేశపు జూద నియంత్రణ సంఘము 2018లో అట్టి పెట్టెలను పరిశీలించి, అవి తమ చట్టము ప్రకారము జూదమే యని తేల్చినది.