అడగకపోయినా వకీలును ఇవ్వాల్సిందే

ఈసారి కోర్టు తీర్పుల గురించి కొంచెం తెలుసుకుందాం.

ముందు రెండు మాటలకు తేడా చూడండి. ముద్దాయి అంటే నేరం చేశాడని ఆరోపణ ఉన్న మనిషి. దోషి అంటే విచారణ జరిగి, నేరం రుజువైందని కోర్టు తేల్చిన మనిషి. మనమేమో పోలీసు జీపు ఎక్కించగానే "వాడు దొంగరా" అనేస్తాం. చట్టం అలా అనదు. నేరం రుజువు చెయ్యాల్సింది కేసు పెట్టినవాళ్లే.

కోర్టులో ఒక పక్క ప్రభుత్వ వకీలు ఉంటారు. రెండో పక్క చదువు రాని, చేతిలో పైసా లేని మనిషి ఒక్కడే నిలబడితే ఎట్లా? సాక్షిని ఏమడగాలి, బెయిలు ఎట్లా అడగాలి, అతనికేం తెలుస్తుంది? దీనికి సుప్రీంకోర్టు మూడు మెట్లుగా జవాబు చెప్పింది.

1. హుస్సేనారా ఖాతూన్ కేసు (1979): బీహారు జైళ్లల్లో ఎంతోమంది విచారణే జరక్కుండా ఏళ్లతరబడి పడి ఉన్నారు. కొందరైతే ఆ నేరానికి పడే శిక్ష కంటే ఎక్కువ కాలమే లోపల ఉన్నారు. విచారణ త్వరగా జరగడం, పేదవాడికి ఉచితంగా వకీలు దొరకడం రాజ్యాంగం 21వ అధికరణంలోని హక్కులేనని కోర్టు చెప్పింది.

2. ఖత్రీ కేసు (1981): భాగల్పూరులో పోలీసులు ఖైదీల కళ్లు పోగొట్టారన్న ఘోరం మీద వచ్చిన కేసు ఇది. మొదటిసారి మేజిస్ట్రేటు ముందుకు తెచ్చిన రోజు నుంచే ఉచిత వకీలు హక్కు ఉంటుందని, ఆ సంగతి మేజిస్ట్రేటే ముద్దాయికి చెప్పాలని తీర్పు వచ్చింది. డబ్బుల్లేవని ప్రభుత్వం తప్పించుకోకూడదని కూడా అన్నారు.

3. సుక్ దాస్ కేసు (1986): ఇది అరుణాచల్ ప్రదేశ్‌ది. బదిలీ రద్దు చెయ్యమని ఒక అసిస్టెంట్ ఇంజనీరును బెదిరించాడని ఆయన మీద కేసు. బీదతనం వల్ల వకీలును పెట్టుకోలేకపోయాడు. రెండేళ్ల శిక్ష పడింది. "ఆయన వకీలు కావాలని అడగలేదు కదా, విచారణలో తప్పేముంది?" అన్నట్టుగా హైకోర్టు తేల్చింది. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. హక్కు ఉందనే తెలియనివాడు దాన్ని ఎట్లా అడుగుతాడు? జస్టిస్ భగవతి గారి తీర్పులో అసలు సంగతి ఇదే. ఆ శిక్షను కొట్టేశారు.

"తప్పు చేసినవాడికి వకీలు దేనికి?" అని కొందరు అడుగుతారు. తప్పు చేశాడో లేదో తేల్చడానికే కదా విచారణ! 2012లో కసబ్ కేసు తీర్పులో కూడా, మేజిస్ట్రేటు ముందుకు తెచ్చిన మొదటి రోజే ఈ హక్కు గురించి చెప్పి తీరాలని సుప్రీంకోర్టు మళ్లీ చెప్పింది. కసబ్‌కు వకీళ్లను ఇచ్చి, విచారణ జరిపి, ఆ తరవాతే శిక్ష వేశారు.

ఇది మనకెందుకంటే, మన గూడేల్లో పెద్దవాళ్లు ఆఫీసర్ ఏమడిగినా "అవునయ్యా" అని తల ఊపేస్తారు. కొందరికి తెలుగే సరిగా రాదు. ఏ కాగితం మీద వేలిముద్ర వేశారో తెలియకుండానే కేసు అయిపోతుంది. అందుకని ఈ నాలుగు గుర్తుంచుకోండి:

- అరెస్టు చేస్తే ఎందుకో చెప్పాలి. దారి ప్రయాణం కాకుండా 24 గంటల్లోపు మేజిస్ట్రేటు ముందుకు తేవాలి.
- నాకు నేనే వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పమని ఎవరూ బలవంతపెట్టకూడదు. ఇది 20వ అధికరణం.
- సాక్షి చెప్పేది ముద్దాయికి అర్థం కాని భాషలో ఉంటే, కోర్టులోనే అర్థమయ్యే భాషలో చెప్పించాలి.
- 1987 న్యాయ సేవల చట్టం ప్రకారం షెడ్యూల్డు తెగలవారికి ఆదాయం ఎంతున్నా వకీలు ఉచితం. జిల్లా కోర్టులోని న్యాయ సేవాధికార సంస్థలో అడగొచ్చు. ఫోన్ నంబరు 15100.

అడగకపోయినా ఇవ్వాలని తీర్పు ఉంది, నిజమే. కానీ ఇవ్వనిచోట గుర్తుచేసే మనిషి ఒకరు పక్కన ఉండాలి. గూడెంలో చదువుకున్నది మనమే. సెలవులకు వెళ్లినప్పుడు అమ్మానాన్నలకు మన భాషలోనే ఇది చెప్పండి, నంబరు తలుపు మీద సుద్దతో రాసిపెట్టండి.