అటక మీది ల్యాప్‌టాపు, ఇంటికొక తెలుగు పలక



హోసూరు, డెంకణికోట, బాగలూరు, వేపనపల్లి పక్కల మన తెలుగు ఇళ్లలో చాలాచోట్ల బీరువా మీదో అటక మీదో ఒక వస్తువు దుమ్ము పట్టి ఉంటుంది. పిల్లలు ప్లస్‌టూ చదివేటప్పుడు తమిళనాడు ప్రభుత్వం ఉచితంగా ఇచ్చిన ల్యాప్‌టాపు అది. 2011 సెప్టెంబరులో ఆ పథకం మొదలైంది. ఆనాటి పిల్లలు ఇప్పుడు ఉద్యోగాల్లో ఉన్నారు. ల్యాప్‌టాపు మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది. “ఆన్ చేస్తే పది నిమిషాలు తిరుగుతూనే ఉంటుంది సార్, పాత సామాన్లవాడికి వేసేద్దామా?” అని తల్లిదండ్రులు అడుగుతుంటారు. అప్పుడే వేయకండి. దానికి ఇంకా ఆయువు ఉంది. అంతకన్నా ముఖ్యం, మన పిల్లల తెలుగుకు అది పనికొస్తుంది. ఎలాగో చెబుతాను.

ముందు అది ఎందుకు నెమ్మదించిందో చూద్దాం. కంప్యూటరులో ఇనుము, తీగలు, చిప్పులు ఒక ఎత్తు. వాటిచేత పని చేయించే ఆపరేటింగ్ సిస్టం ఒక ఎత్తు. ఇంట్లో పెద్దకోడలు ఎవరికి ఏం కావాలో చూసి అన్నీ అమర్చినట్టు, అది మెమొరీని, తెరను, కీబోర్డును నడిపిస్తుంది. మనలో చాలామందికి తెలిసిన ఆపరేటింగ్ సిస్టం విండోస్. అందులో ఏడవ రకానికి భద్రతా సవరణలు 2020 జనవరిలో ఆగిపోయాయి. పదవ రకానికి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసింది. పదకొండవది కావాలంటే కొత్త తరం చిప్పు ఉండాలి. అంటే యంత్రం చెడిపోలేదు, దాన్ని నడిపేది దాన్ని వదిలేసి ముందుకు పోయింది. సవరణలు రాని యంత్రంలో బ్యాంకు పనులు చేయడం తలుపు గడియ వేయకుండా ఊరికి పోవడం లాంటిది.

ఇక్కడే లినక్సు అక్కరకొస్తుంది. 1991లో ఫిన్లాండ్ రాజధాని హెల్సింకిలో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి తన కంప్యూటరు కోసం దాని మూలభాగం రాయడం మొదలుపెట్టాడు. అప్పటికే అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో గ్నూ అనే ప్రయత్నం ప్రకటించి, స్వేచ్ఛగా పంచుకోదగిన ఉపకరణాలు తయారు చేయిస్తున్నాడు. రెండూ కలిశాయి. ఇందులో కిటుకు దాని లైసెన్సులో ఉంది. పొరుగింటావిడ పచ్చడి ఇవ్వడమే కాదు, ఎలా చేశారో కూడా చెప్పి, “మీరు మార్చుకుని చేసి ఇంకొకరికి పెడితే, వాళ్లకూ ఆ విధానం చెప్పాలి” అని మాట తీసుకున్నారనుకోండి. లినక్సు షరతు అదే. అందుకే దాన్ని ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు.

ఇదేదో కొత్త వస్తువని బెదరకండి. మీ ఆండ్రాయిడ్ ఫోనుకు మూలం లినక్సే. ప్రభుత్వం ఇచ్చిన తొలి ల్యాప్‌టాపుల్లో విండోస్‌తో పాటు సి-డాక్ సంస్థ తయారుచేసిన బాస్ అనే లినక్సు కూడా ఉండేది. ఆన్ చేయగానే రెండు పేర్లు కనబడితే, పిల్లలు తెలిసిన దాన్నే నొక్కేవారు.

ఇప్పుడు చేయవలసిన పని చెబుతాను. మొదట పాత ఫోటోలు, కాగితాలు వేరేచోట భద్రపరచుకోండి. ఇది మాత్రం మరవకండి. తర్వాత ఎనిమిది జీబీ పెన్‌డ్రైవులో తేలికపాటి లినక్సు ఒకటి ఎక్కించాలి. లినక్సు మింట్‌లో ఎక్స్ఎఫ్‌సీఈ అనే రకం ఉంది, లుబుంటు ఉంది. రెండూ ఉచితం. కంప్యూటరు చదివే పిల్లలెవరైనా ఈ పని చేసిపెడతారు. ఆ పెన్‌డ్రైవు నుంచే ల్యాప్‌టాపును నడిపి చూడవచ్చు. లోపల ఉన్నదేమీ చెదరదు. వైఫై అందుతోందా, శబ్దం వస్తోందా, తెర సరిగా ఉందా చూసుకుని, అన్నీ బాగుంటేనే లోపల ఎక్కించండి. మెమొరీ రెండు జీబీ ఉంటే రాతకోతలకు, పాటలకు, చిన్న ఆటలకు సరిపోతుంది. ఇంటర్నెట్ బాగా వాడాలంటే నాలుగు ఉండాలి. పాత హార్డ్‌డిస్కు తీసి ఎస్ఎస్‌డీ వేయిస్తే ఆన్ కావడంలో తేడా మీకే తెలుస్తుంది.

ఇక అసలు విషయానికి వస్తాను. మన పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు. బడిలో తమిళం, ఇంగ్లీషు రాస్తారు. 2006 చట్టం తర్వాత తమిళం అందరికీ తప్పనిసరి అయింది. తమిళం రావడం మంచిదే, ఈ నేల మీద బతికేవాళ్లకు అది అవసరం. కానీ ఫోనులో అవ్వకు సందేశం పంపాలంటే మన పిల్లలు తెలుగు మాటను ఇంగ్లీషు అక్షరాల్లో కొడుతున్నారు. అవ్వకు ఇంగ్లీషు రాదు, మనవడికి తెలుగు అక్షరం రాదు. మాట నోట్లో ఉంది, చేతిలో లేదు. చేతిలో లేని భాష ఒకటి రెండు తరాల్లో నోట్లోంచీ జారిపోతుంది.

లినక్సులో కీబోర్డు అమరికలకు పోయి తెలుగును చేర్చుకుంటే ఇన్‌స్క్రిప్టు అనే పద్ధతి వస్తుంది. ఇది పలు భారతీయ భాషలకు కలిపి మన దేశంలోనే రూపొందించిన అమరిక. అచ్చులు, గుణింతపు గుర్తులు ఎడమచేతి వైపు, హల్లులు ఎక్కువగా కుడిచేతి వైపు ఉంటాయి. ఇంగ్లీషు కె ఉన్న మీట మీద క, హెచ్ మీద ప, ఎల్ మీద త. అమ్మ అని రాయాలంటే షిఫ్టుతో డి నొక్కితే అ, సి నొక్కితే మ, షిఫ్టు లేకుండా డి నొక్కితే పొల్లు, మళ్లీ సి. నాలుగు నొక్కులతో అమ్మ వచ్చేసింది.

ఇందులో మనలాంటి సరిహద్దువాళ్లకు ఒక లాభం ఉంది. అవే నాలుగు నొక్కులు కన్నడ ఇన్‌స్క్రిప్టులో కొడితే కన్నడ లిపిలో అమ్మ వస్తుంది. తమిళంలో కొట్టి చివర దీర్ఘానికి ఇ మీట నొక్కితే అమ్మా వస్తుంది. తమిళానికి తమిళ్99, కన్నడకు నుడి అనే వేరే అమరికలూ ఉన్నాయి, నిజమే. కానీ ఇన్‌స్క్రిప్టు నేర్చిన వేళ్లకు మూడు లిపులూ ఒకేసారి పట్టుబడతాయి. మా బడిలో ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె తమిళంలో ఈ పద్ధతి నేర్చుకుంది. తెలుగుకు మార్చి చూపగానే తన పేరు, వాళ్ల అవ్వ పేరు తానే కొట్టింది. అక్షరాలు గుర్తుపట్టడం తర్వాత వచ్చింది, వేళ్లు ముందు నేర్చాయి. రోజుకు పావుగంట చొప్పున నెలరోజులు కూర్చుంటే పిల్లలకు చేయి తిరుగుతుంది.

ఆటలు లేకపోతే పిల్లలు ఆ దగ్గరికి రారు అంటారా? ఆటలున్నాయి. చిన్నపిల్లలకు టక్స్ పెయింట్ అనే బొమ్మలు గీసే ఆట ఉంది, తెలుగులో కూడా పెట్టుకోవచ్చు. జీకాంప్రిస్‌లో లెక్కలు, అక్షరాలు, చదరంగం ఆటగా నేర్చుకోవచ్చు. సూపర్‌టక్స్‌లో లినక్సు గుర్తయిన పెంగ్విన్ పక్షి గెంతుతూ పోతుంది. వీటిలో ప్రకటనలు లేవు, మధ్యలో డబ్బులు అడగడం లేదు. ఫోను ఆటలకు, వీటికి తల్లిదండ్రులు గమనించవలసిన తేడా ఇదే.

లినక్సుతో అన్నీ అవుతాయని మాత్రం చెప్పను. పెద్దపిల్లలు ఆడే భారీ ఆటలు ఈ పాత యంత్రాల్లో నడవవు. మోసం పట్టే ప్రత్యేక ఏర్పాటు ఉన్న కొన్ని పోటీ ఆటలు కొత్త యంత్రంలోనూ లినక్సు మీద నడవవు. అంగడి లెక్కలకు విండోస్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లు ఆ యంత్రాన్ని అలాగే ఉంచుకోండి. డీటీపీ సెంటర్లలో పాత ఖతులతో చేయించిన తెలుగు పెళ్లిపత్రికల ఫైళ్లు ఇందులో తెరిస్తే పిచ్చిగీతల్లా కనబడవచ్చు. అవి యూనికోడ్ పద్ధతిలో రాసినవి కావు. లినక్సులో కొట్టే తెలుగు యూనికోడ్‌లో ఉంటుంది. ఫోనులోనూ, వేరే ఊళ్లోని కంప్యూటరులోనూ అది తెలుగుగానే కనబడుతుంది.

కాబట్టి ఈ సెలవుల్లో ఆ ల్యాప్‌టాపును కిందికి దించండి. పిల్లలచేత మొదట ఇంట్లోవాళ్ల పేర్లు కొట్టించండి. తర్వాత ఊరి పేర్లు, అవ్వ చెప్పే సామెతలు, పొడుపుకథలు. వారానికి ఒక పుట అయినా నిలుస్తుంది. మూడు భాషల నేల మీద పుట్టిన పిల్లలకు మూడు లిపులూ చేతికి అందాలి, అందులో అమ్మ భాషది వెనకబడకూడదు. అందుకు కావలసిన యంత్రం ఇంట్లోనే ఉంది, సాఫ్ట్‌వేర్ ఉచితం. పెద్దలు పక్కన కూర్చునే పావుగంట ఒక్కటే మనం ఇవ్వవలసింది.