ఉమ్మడి తోట - వంతుల లెక్క

తుంగభద్ర దిగువ కాలువ బళ్లారి ప్రాంతమును దాటి ఆదోని, ఎమ్మిగనూరు పొలములకు వచ్చుచున్నది. ఆనకట్ట 1953లో వాడుకలోనికి వచ్చినది. కాలువ నీరు చివరి పొలమునకు చేరవలెనన్నచో, ఎగువనున్న రైతులు తమ వంతుకు మించి తీసికొనరాదు. తూములను, పిల్ల కాలువలను బాగు చేయుటకు అందరును పూనుకొనవలెను. ఈ సత్యమును గుర్తించియే 1997లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఒక చట్టము చేసినది. దాని ననుసరించి ఆయకట్టు రైతులు నీటి వినియోగదారుల సంఘములుగా ఏర్పడిరి.

వీధిలోని పది కుటుంబములు కలిసి పెంచుకొను కూరగాయల తోటకును ఇదే సూత్రము వర్తించును. అది ఎట్లో లెక్క వేసి చూతము.

తోట వైశాల్యము 100 చదరపు మీటర్లనుకొందము. ఆకుల నుండియు, నేల నుండియు ఆవిరియగు నీరు రోజుకు సుమారు 5 మిల్లీమీటర్లు. ఎండకాలమున ఇంకను ఎక్కువ. ఒక చదరపు మీటరుపై ఒక మిల్లీమీటరు నీరు నిలిచినచో అది సరిగా ఒక లీటరు. కావున తోటకు దినమునకు 500 లీటర్లు కావలెను.

పది ఇండ్లవారును ప్రతిదినము వచ్చి తలకు 50 లీటర్లు పోయుట ఒక పద్ధతి. ఇందులో లోపమొకటి కలదు. ముగ్గురు రాకున్నచో తోటకు 350 లీటర్లే అందును. ఆ కొరత తోటయంతట పలుచగా పరచుకొనును. మొక్కలన్నియు కొంచెము వాడును, తప్పెవరిదో తెలియదు. "నేనొక్కడనే ఎందుకు మోయవలెను?" అని నాలుగవవాడు కూడ మానుకొనును.

నల్లరేగడి నేల ఇందుకు మంచి ఉపాయము చూపుచున్నది. ఈ మట్టిలోని సన్నని బంకరేణువులు నీటిని పట్టి ఉంచును. వంగ, టమాటా, గోరుచిక్కుడు వంటి మొక్కల వేళ్లుండు పై పొరలో సుమారు 25 మిల్లీమీటర్ల నీరు మొక్కకు సులభముగా అందును. అనగా ఐదు రోజుల గ్రాసము. కాబట్టి తోటను 20 చదరపు మీటర్ల మడులుగా ఐదింటిని చేసి, రోజుకొక మడికి 500 లీటర్లు పోసిన చాలును. రోజుకు రెండు కుటుంబములు వచ్చినచో, ఒక్కొక్కరికి ఐదు రోజుల కొకసారి 250 లీటర్ల వంతు వచ్చును. పదిహేను లీటర్ల బిందెతో అవి సుమారు పదిహేడు బిందెలు. వేళ్లు లోతునకు పోని తోటకూర, పాలకూరలకు మాత్రము రెండు మూడు రోజులకే నీరు కావలెను; వానిని విడిగా ఒక మూల నాటుట మేలు.

ఈ పద్ధతిలో వంతు తప్పిన మడి పది రోజులు ఎండును. అది అందరి కంటను పడును. తప్పును పట్టుటకు కావలివాడు అక్కరలేదు, మడియే చెప్పును.

అయితే వంతులు సమానముగా నుండుట వేరు, న్యాయముగా నుండుట వేరు. బిందె మోయలేని వృద్ధులు విత్తనములు ఏరవచ్చును, లెక్కల పుస్తకము వ్రాయవచ్చును. పిల్లలు ఎండుటాకులను, కూరగాయల తొక్కులను పొరలుగా వేసి కంపోస్టు కుప్పను తిరుగవేయవచ్చును. జ్వరము వచ్చినవారు ముందుగా చెప్పి వంతు మార్చుకొనవచ్చును. చెప్పక మానినవారికి మొదట గుర్తు చేయుట, మరల మానిన ఒక వంతు అదనముగా చేయించుట మంచిది. మొదటి తప్పునకే వెలివేసినచో తోట చేతులను పోగొట్టుకొనును.

ఉమ్మడి ఆస్తి స్వార్థము వలన నశించునని 1968లో అమెరికా జీవశాస్త్రజ్ఞుడు గారెట్ హార్డిన్ వాదించెను. ప్రజలు తామే నియమములు చేసికొని ఉమ్మడి వనరులను తరతరములుగా కాపాడుకొనగలరని ఎలినార్ ఆస్ట్రమ్ 1990లో వెలువడిన తన గ్రంథమున నిరూపించినది. ఆమె పరిశీలించిన వానిలో స్పెయిన్ దేశపు వలెన్సియా తోటల సాగునీటి సంఘములు కలవు. అచ్చట నీటి తగవులు గురువారము నాడు చర్చి వాకిట తీరును. 2009లో ఆమె అర్థశాస్త్రమున నోబెల్ బహుమానము పొందినది. ఆ శాస్త్రమున దానిని పొందిన మొదటి మహిళ ఆమెయే.

ఎమ్మిగనూరు నేతపనివారి సహకార సంఘము కూడ ఇట్టి నమ్మకముపై నిలిచినదే. పాఠశాల ఆవరణలో ఒక మడి త్రవ్వి, ఉపాధ్యాయులు ఈ వంతుల పట్టికను విద్యార్థులచేతనే వ్రాయించినచో, గణితము, వృక్షశాస్త్రము, పౌరశాస్త్రము మూడును ఒకేచోట బోధపడును.