దుమ్ములో ఏముంది? ఎలా కొలుస్తారు?

మీరు ఖమ్మంలో రాయి కోస్తున్నా, కొత్తగూడెం, మణుగూరు గనుల్లో దిగుతున్నా, కంటికి కనిపించే దుమ్ము చాలావరకు ముక్కులో, గొంతులో ఆగి కళ్లెతో బయటికొస్తుంది. ఊపిరితిత్తుల లోతుకు చేరేది కంటికి ఆనని ధూళి.

దీన్ని పట్టడానికి కార్మికుని కాలరుకు చిన్న పరికరం తగిలించి, నడుముకు పంపు కడతారు. పెద్ద రేణువులు విడిపోయి, సన్నవి వడపోత కాగితంపై నిలుస్తాయి. కాగితాన్ని ముందూ తర్వాతా తూస్తే ధూళి బరువు తెలుస్తుంది.

బరువొక్కటే చాలదు. నల్ల గ్రానైట్ అని అమ్మే రాతిలో క్వార్ట్జ్ తక్కువ. ఎర్ర, బూడిద రంగు గ్రానైట్‌లో సాధారణంగా ఐదో వంతు, ఆపైన కూడా ఉంటుంది. సిలికోసిస్ తెచ్చేది ఈ క్వార్ట్జే. అందుకే కాగితంపై ధూళికి ఎక్స్-రే కిరణాలు తగిలిస్తారు. ఒక్కో ఖనిజం వాటిని ఒక్కో కోణంలో మళ్లిస్తుంది. ఆ గుర్తును బట్టి క్వార్ట్జ్ ఎన్ని మైక్రోగ్రాములుందో లెక్కకడతారు.

పరికరం తగిలించిన రోజు రోజూలాగే పని చేయండి, దాన్ని విప్పి టిఫిన్ సంచిలో పెట్టకండి. ఆ ఒక్కరోజే నీళ్లు చల్లిస్తే కొలత అబద్ధమవుతుంది!

సిలికోసిస్‌ను నయం చేసే మందు లేదు. అది ఉన్నవారికి క్షయ త్వరగా సోకుతుంది. రెండు వారాలు దాటి దగ్గుంటే కళ్లె పరీక్షకు రండి. ఏ రాయి, ఎన్నేళ్లు కోశారో డాక్టరుగారికి చెప్పండి. ఎక్స్-రే ఫిల్ములో ఈ రెండు జబ్బులూ ఒక్కోసారి ఒకేలా కనిపిస్తాయి.