గీజర్ కడుపులో జగ్గయ్యపేట రాయి

నాలుగైదేళ్లు వాడిన గీజర్‌ను విప్పే ముందు మెకానిక్ కింద పాత పేపరు పరుస్తాడు. ఎలిమెంటును (నీళ్లు కాచే లోహపు చుట్ట) బయటికి లాగగానే దాని వెంట తెల్లటి పెంకులు జలజలా రాలతాయి. కొన్ని గోరంత, కొన్ని అప్పడం ముక్కంత. ఇదంతా ఎక్కణ్ణుంచి వచ్చిందని ఇంటివాళ్లు ఆశ్చర్యపోతారు. "సున్నమండీ, మీ బోరుదే" అంటాడు అతను, ఎలిమెంటును స్క్రూడ్రైవరుతో గీకుతూ.

అతను చెప్పింది నిజం. జగ్గయ్యపేట చుట్టుపక్కల నేల కింద సున్నపురాయి ఉంది. ముక్త్యాలలో కేసీపీ, జయంతిపురంలో రామ్‌కో సిమెంటు కర్మాగారాలు ఆ రాయిని చూసుకునే వచ్చాయి. జగ్గయ్యపేట బౌద్ధ స్తూపానికి రెండు వేల ఏళ్ల కిందట శిల్పులు చెక్కిన పలకలదీ సున్నపురాతి జాతే. సిమెంటుగా లారీ ఎక్కేది కొంత, బోరు నీళ్లలో కరిగి మన మిద్దె మీది ట్యాంకులోకి ఎక్కేది కొంత.

రాయి నీళ్లలో ఎలా కరుగుతుంది? వాన నీరు గాలిలోంచి, మట్టిలోంచి బొగ్గుపులుసు వాయువును తనలో కలుపుకుంటుంది. దాంతో కాస్త ఆమ్ల గుణం వస్తుంది. ఆ నీరు రాతి పొరల్లోంచి దిగేటప్పుడు కాల్షియం బైకార్బొనేటు రూపంలో రాయిని మెల్లగా కరిగించుకుంటుంది. ఇలాంటి నీటిని కఠిన జలం అంటారు. సబ్బు నురగ రాదు, కందిపప్పు ఓ పట్టాన ఉడకదు, స్టీలు బిందె మీద తెల్లటి చారలు మిగులుతాయి. తాగేనీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు మించకపోవడం మంచిది. వేరే నీళ్లు దొరకని చోట 600 దాకా ఒప్పుకుంటారు.

నేలలో జరిగిందానికి గీజర్లో సరిగ్గా ఎదురు పని జరుగుతుంది. వేడి తగలగానే ఆ వాయువు తప్పించుకుంటుంది, కరిగిన రాయి మళ్లీ రాయవుతుంది. ఉప్పూ పంచదారా వేడి నీళ్లలో ఎక్కువ కరుగుతాయి. సున్నపురాయిది తిరగేసిన వరస, నీళ్లు వేడెక్కేకొద్దీ విడిపోతుంది. అన్నిటికన్నా వేడిగా ఉండేది ఎలిమెంటు కాబట్టి ముందుగా దాని మీదే పేరుకుంటుంది. ఓ చిన్న లెక్క చూద్దాం. లీటరుకు 500 మిల్లీగ్రాముల కాఠిన్యమున్న నీళ్లు రోజుకు 50 లీటర్లు కాచామనుకుందాం. అందులో 25 గ్రాముల సున్నపురాయి ఉన్నట్టు. దాంట్లో పదో వంతే గీజర్లో ఆగిపోయినా, ఏడాది తిరిగేసరికి 900 గ్రాములు దాటుతుంది.

సున్నం పడితే కరెంటు బిల్లు బాగా పెరుగుతుందని చాలామంది అంటారు. నాకు ఆ మాట మీద పెద్ద నమ్మకం లేదు. ఎలిమెంటు తీసుకున్న కరెంటంతా వేడిగా మారి, ఆలస్యంగానైనా నీళ్లకే చేరాలి, మరో దారి లేదు. 2 కిలోవాట్ల గీజర్లో 15 లీటర్లు 25 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు రావడానికి లెక్క ప్రకారం 18 నిమిషాలు పడుతుంది, పొర ఉన్నా పెద్ద తేడా రాదు. అసలు నష్టం వేరే చోట. సున్నపు పొర కంబళి లాంటిది. వేడి నీళ్లలోకి పోవడానికి అడ్డం పడుతుంది కనుక ఎలిమెంటు తన మామూలు వేడిని మించి కాగుతుంది. లోపలి నుంచి గరగర శబ్దం వస్తుంది. కొన్నాళ్లకు పై తొడుగు చిట్లుతుంది.

ఆ తొడుగు లోపల ఏముందో తెలిస్తేనే తర్వాతి సంగతి అర్థమవుతుంది. మధ్యలో కరెంటు పారే సన్నని తీగ ఉంటుంది. దాని చుట్టూ మెగ్నీషియం ఆక్సైడు అనే తెల్లటి పొడి దట్టించి ఉంటుంది. ఆ పొడి వేడిని పోనిస్తుంది, కరెంటును పోనివ్వదు. తొడుగు చిట్లితే పొడి తడుస్తుంది. తడిసిన పొడి కరెంటును ఆపలేదు. కరెంటు అక్కణ్ణుంచి నీళ్లలోకి, ట్యాంకు లోహంలోకి, షవరు ధారలోకి దారి చూసుకుంటుంది. ప్లంబింగుగా మొదలైన సమస్య ఇక్కడ వైరింగు సమస్య అయింది.

ఈ దశలో స్నానం చేసే మనిషిని కాపాడాల్సినవి రెండు: ఎర్తు, ఆర్‌సీసీబీ (లీకైన కరెంటును పసిగట్టి సరఫరా ఆపే స్విచ్చు). చాలా ఇళ్లలో కనిపించేది మూడోది, ఎంసీబీ (మోతాదు మించిన కరెంటు పారితే పడిపోయే స్విచ్చు). "ఎంసీబీ ఉందిగా, భయమేముంది" అనుకోవడం దగ్గరే పొరపాటు జరుగుతోంది.

లెక్క వేసి చూస్తే ఈ తేడా తేలుతుంది. తడిసిన ఒంటికి నిరోధం (కరెంటును అడ్డుకునే గుణం) సుమారు 1,000 ఓంలు అనుకుందాం. 230 వోల్టులు తగిలితే ఒంట్లోంచి 230 మిల్లీయాంపియర్లు పారతాయి. గుండె లయ తప్పడానికి అంత అక్కర్లేదు. కానీ 16 యాంపియర్ల ఎంసీబీకి అది లెక్కలోకే రాదు, అది ఎదురుచూసేది దానికి డెబ్బై రెట్లు. అంటే మనిషి షాక్‌తో పడిపోయినా ఎంసీబీ మాత్రం పడిపోదు. మంచి ఎర్తు ఉంటే? ఎర్తు గుంత నిరోధం 10 ఓంలు ఉందనుకోండి. గీజర్ బాడీకి కరెంటు పూర్తిగా తగిలినా ఎర్తు వైరు గుండా పారేది 23 యాంపియర్లు. ఇళ్లలో వాడే సి రకం ఎంసీబీ తక్షణం పడిపోవాలంటే 80 నుంచి 160 యాంపియర్లు కావాలి. 23 యాంపియర్లకు గంటసేపు పట్టినా ఆశ్చర్యం లేదు. ఆ గంటా గీజర్ బాడీ మీద ప్రమాదకరమైన వోల్టేజీ ఉంటుంది.

ఆర్‌సీసీబీ చూసే చూపు వేరు. ఫేజులో వెళ్లిన కరెంటంతా న్యూట్రల్లో తిరిగొచ్చిందా లేదా అని అది ప్రతి క్షణం పోల్చుకుంటుంది. 30 మిల్లీయాంపియర్ల తేడా వస్తే కన్నుమూసి తెరిచేలోగా సరఫరా ఆపేస్తుంది. ఎర్తు అంతంతమాత్రంగా ఉన్నా దానికి ఫర్వాలేదు. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనల్లోనూ ఓ పరిమితి దాటిన కనెక్షన్లకు ఎర్తు లీకేజి రక్షణ ఉండాలని ఉంది.

ఆర్‌సీసీబీ ఉన్న ఇళ్లలోనూ ఓ చిక్కు ఉంది. గీజర్ వేసినప్పుడల్లా ఆర్‌సీసీబీ పడిపోతుంటే ఇంటివాళ్లు విసుగెత్తి ఎలక్ట్రీషియన్‌ను పిలుస్తారు. అతను దాన్ని తప్పించి వైరు నేరుగా కలిపేస్తాడు. గొడవ వదిలింది, నీళ్లు కాగుతున్నాయి, అందరికీ సంతోషం. నిజానికి ఎలిమెంటు చిట్లిందని ఆ స్విచ్చు అన్నాళ్లూ చెబుతూనే ఉంది.

ఇక ఎర్తు. "ఎర్తు ఉందా మేస్త్రీ?" అంటే "మూడు పిన్నుల సాకెట్టేనండీ" అని జవాబు వస్తుంది. సాకెట్టుకు మూడో రంధ్రం ఉండటం వేరు, దాని వెనకున్న పచ్చ వైరు భూమిలోకి దిగడం వేరు. పాత ఇళ్లలో ఆ పచ్చ వైరును బాత్రూములోని ఇనుప నీళ్ల గొట్టానికి చుట్టేవారు. ఆ గొట్టం నేలలోకి దిగేది కనుక ఎలాగో పని జరిగేది. తర్వాత గొట్టాలు తుప్పుపట్టి, కొన్ని సున్నంతో పూడుకుపోయి, ప్లంబరు వచ్చి వాటిని తీసి ప్లాస్టిక్ పైపులు వేశాడు. తన పని అతను బాగానే చేశాడు. కానీ ఆ రోజుతో ఇంటికి ఎర్తు పోయింది. ఆ సంగతి ప్లంబరుకు తెలియదు, ఎలక్ట్రీషియన్‌ను ఎవరూ పిలవలేదు. నేను చూసినంతలో గీజర్ ప్రమాదాలు ఎక్కువగా పొంచి ఉండేది ఈ ఇద్దరి పనుల మధ్య మిగిలిన సందులోనే. పైపులు మార్చిన ఇంట్లో ఎర్తును మళ్లీ పరీక్షించుకోవాలని గుర్తుపెట్టుకుంటే చాలు.

ఎర్తు గుంత తవ్వించడం ఈ మెరక ప్రాంతంలో సులువేం కాదు. రెండడుగులకే రాయి తగిలే చోట్లున్నాయి. తవ్వేవాడు అక్కడే ఆపి, గొట్టాన్ని పొట్టి చేసి పాతి, పైన సిమెంటు చేస్తాడు. ఎండిన నేల, రాతి నేల కరెంటును సరిగా తీసుకోవు. గొట్టం రెండున్నర మీటర్లు దిగాలి, చుట్టూ బొగ్గూ ఉప్పూ వేయాలి, ఎండాకాలంలో పైనున్న గరాటులో బిందెడు నీళ్లు పోస్తుండాలి. గుంత ఎక్కడుందో ఇంటివాళ్లకే తెలియకపోతే నీళ్లు పోసేదెవరు? ఫేజుకూ ఎర్తుకూ మధ్య బల్బు పెట్టి, వెలిగింది కాబట్టి ఎర్తు బాగుందని చెప్పే పద్ధతి ఒకటి ఉంది. 100 వాట్ల బల్బుకు అర యాంపియరు కూడా అక్కర్లేదు, బలహీనమైన ఎర్తు మీదా అది వెలుగుతుంది. ఎర్తు టెస్టరు పెట్టి ఎన్ని ఓంలో చెప్పమని అడగాలి.

గుంత తవ్వే బాధ పడలేక కొందరు ఇంకో పని చేస్తారు. సాకెట్టులోనే న్యూట్రల్ నుంచి ఎర్తు పిన్నుకు చిన్న ముక్క వైరు కలిపేస్తారు. బల్బు పరీక్షలో ఇది బ్రహ్మాండంగా నెగ్గుతుంది. ఎప్పుడైనా న్యూట్రల్ తెగిందా, గీజర్ బాడీ మొత్తం 230 వోల్టులు మోస్తుంది. లీకైన కరెంటు న్యూట్రల్లోంచే తిరిగిపోతుంది కాబట్టి ఆర్‌సీసీబీ కూడా మోసపోతుంది. ఇన్ని పద్ధతుల్లోకి ఇదే చెడ్డది.

వైరు సంగతి తొందరగా ముగిద్దాం. షాపులో 1/18, 3/20, 7/20 అంటారు. ముందు అంకె పోగుల లెక్క, వెనక అంకె తీగ గేజి. 3 కిలోవాట్ల ఇన్‌స్టంట్ గీజర్ 13 యాంపియర్లు లాగుతుంది. ట్యూబులైటుకు వేసిన 1/18 దానికి చాలదు. బోర్డు నుంచి విడిగా 7/20, లేదా ఇప్పటి లెక్కలో 4 చదరపు మిల్లీమీటర్ల వైరు లాగితే నిశ్చింత. స్విచ్చు డీపీ (ఫేజునూ న్యూట్రల్నూ కలిపి తెంచే) రకం కావాలి. ఒంటి స్విచ్చు పొరపాటున న్యూట్రల్ మీద పడితే, ఆపినా గీజర్లో ఫేజు ఉంటుంది.

ప్లంబింగులో తెలుసుకోవాల్సింది ఒక బొట్టు గురించి. నీళ్లు కాగుతుంటే గీజర్ పక్కన వాల్వులోంచి చుక్కలు కారతాయి. 15 లీటర్లు 60 డిగ్రీలకు కాగితే సుమారు 200 మిల్లీలీటర్లు, అంటే ఓ పెద్ద గ్లాసెడు, పెరుగుతాయి. ఆ పెరిగిన నీరు కింది పైపులోకి వెనక్కి పోకుండా వాల్వు ఆపుతుంది, ఒత్తిడి మించితే బయటికి వదులుతుంది. ఆ చుక్కను లీకేజీ అనుకుని ఎంసీల్ పెట్టి మూసేవాళ్లున్నారు. సున్నం కూడా మెల్లగా అదే పని చేస్తుంది. వాల్వు మూసుకుని, థర్మోస్టాట్ (వేడి సరిపోగానే కరెంటు ఆపే పరికరం) కూడా అంటుకుపోయిన రోజున ట్యాంకు పగులుతుంది. నీరు ఆవిరైతే 1,600 రెట్లు వ్యాపిస్తుంది, దాన్ని గోడ కూడా ఆపలేదు. కాబట్టి చుక్క కారనివ్వండి. ఓ సన్న గొట్టం తగిలించి మోరీలోకి వదిలితే సరి. వేడి నీళ్లు బయటికొచ్చే వైపు తెల్ల పీవీసీ పైపు మెత్తబడి వంగుతుంది, అక్కడ సీపీవీసీ వేయాలి.

ఇవన్నీ చూసుకోవడానికి అదను ఆశ్వయుజం. కార్తీకంలో తెల్లవారుజామున స్నానాలు మొదలయ్యాక మెకానిక్ దొరకడు. సర్వీసంటే పైన తుడిచి బిల్లివ్వడం కాదు. ఎలిమెంటు బయటికి తీయాలి. యానోడు కడ్డీ (ట్యాంకుకు బదులు తాను తుప్పుపట్టే మెగ్నీషియం కడ్డీ) ఎంత అరిగిందో చూడాలి. ఇక్కడి నీళ్లకు ఏడాదీ రెండేళ్లకే అది పుల్లలా మిగులుతుంది, అదయ్యాక ట్యాంకు వంతు. కొందరు బాత్రూము కడిగే యాసిడ్ పోసి సున్నం వదిలిస్తారు. సున్నంతో పాటు ట్యాంకు లోపలి పూత కూడా వదులుతుంది. నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లలో ఎలిమెంటును నానబెడితే నిదానంగానైనా పొర ఊడుతుంది. థర్మోస్టాట్ 60 దాటనివ్వకుంటే సున్నం పట్టే వేగం తగ్గుతుంది.

బకెట్లో వేసే హీటరు రాడ్డుకు ఈ కాపలాలేవీ లేవు. ప్లగ్గు తీశాకే నీళ్లు ముట్టుకోవాలి. గ్యాసు గీజర్ అయితే బాత్రూము లోపల పెట్టనే కూడదు. గాలి ఆడని గదిలో అది వదిలే కార్బన్ మోనాక్సైడుకు వాసన లేదు, మనిషి తెలియకుండానే స్పృహ తప్పుతాడు.

చివరగా మున్నేరు వాగు సంగతి. 2023 జూలై చివర్లో అది పొంగి, నందిగామ మండలం ఐతవరం దగ్గర హైదరాబాదు–విజయవాడ రహదారి మీదికొచ్చింది. 2024 సెప్టెంబరు మొదట్లో మళ్లీ కుండపోత. గీజర్ గోడకు ఎత్తున ఉంటుంది కనుక ఇంట్లోకి నీళ్లొచ్చినా తడవదు. తడిసేది కింది సాకెట్లు, మోటారు స్టార్టరు, ఒక్కోసారి మెయిన్ బోర్డు. ఎండబెట్టి వేస్తే అన్నీ పనిచేస్తాయి. కానీ తడిసిన రాగి జాయింటుకు పచ్చగా చిలుము పడుతుంది. ఆ జాయింటు పట్టు వదులవడానికి నెలలు పడుతుంది. ముందు లైట్లు ఓసారి మసకగా, ఓసారి మరీ కాంతిగా వెలుగుతాయి. ఆ తర్వాత స్నానాల గదిలో తడి చేత్తో కుళాయి తిప్పితే జివ్వుమంటుంది. అది న్యూట్రల్ వదులైన గుర్తు కావచ్చు. అప్పుడు గీజర్ స్విచ్చు ఒక్కటే ఆపితే సరిపోదు. పొడి చేత్తో మెయిన్ దించి, ఎలక్ట్రీషియన్‌ను మెగ్గరు (వైర్ల తొడుగు ఎంత గట్టిగా ఉందో కొలిచే మీటరు) తీసుకుని రమ్మనండి, మీటరు నుంచి సాకెట్టు దాకా ప్రతి న్యూట్రల్ స్క్రూనూ విప్పి చూడమనండి.